పేడ నీళ్ళూ, గివ్ అప్ పుట్టుకా

'ఆ రోజుల్లో' అని నేను మొదలుపెడితే చాలు, మా ఆవిడ ఫక్కున నవ్వుతుంది. ఏ రోజుల్లోనండీ, మీ తాతగారి రోజుల్లోనా అంటుంది. ఆవిడ నవ్వులో తప్పేమీ లేదు. నేను చెప్పబోయేది పట్టుమని పన్నెండేళ్ళు కూడా కాని సంగతి. అప్పటికే అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు వచ్చేశాయి, అరకులోయ సంతలో వాటికి తొడుగులు కూడా అమ్ముతున్నారు. కాని మనిషికి జుట్టు పల్చబడి, పొట్ట ముందుకొచ్చి, ఎక్కడికెళ్ళినా "మాస్టారొచ్చారు, కుర్చీ వెయ్యండి" అనడం మొదలయ్యాక, అంతకు ముందువన్నీ ఆ రోజులే. కుర్చీ లేని రోజులన్నమాట. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్ళు, నలభై ఏడు కిలోల బరువు, ఇంగ్లీషు భాష మొత్తం నా చొక్కా జేబులో ఉందన్న నమ్మకం ఉండేవి. ఈ మూడింటిలో ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు.

నాకు బీయెడ్ అయిన వెంటనే కొండ మీద ఒక ఆశ్రమ పాఠశాలలో గెస్టు టీచరుగా ఉద్యోగం దొరికింది. అరకులోయలో సర్వీసు జీపు ఎక్కితే (ఎక్కడమంటే లోపల కూర్చోవడం అనుకునేరు, వెనక ఊచ పట్టుకుని వేలాడటం) గంట ప్రయాణం. గెస్టు టీచరంటే పేరుకు తగ్గట్టే చుట్టమన్నమాట. ఏప్రిల్లో పై ఆఫీసరు వచ్చి పాఠం చూసి, బాగుందంటే మళ్ళీ ఏడాది ఉంచుతారు, లేదంటే వచ్చిన జీపులోనే పొమ్మంటారు. పొమ్మంటే నేను పోవలసిన చోటు కూడా సిద్ధంగా ఉంది. బొబ్బిలిలో మా మేనమామకి ఎరువుల కొట్టుంది. నేను ఉద్యోగానికి బయల్దేరిన రోజున ఆయన యూరియా బస్తా మీద కూర్చుని, "ఎల్రా ఎల్లు. ఏప్రిల్ నెలకల్లా ఈ బస్తా మీదకే వత్తావు, నీ చోటు తుడిసి ఉంచుతాను" అన్నాడు. ఆ మాట నాకు ఎంత గుచ్చుకుందంటే, రాత్రి కళ్ళు మూసుకుంటే యూరియా వాసన వచ్చేది. కాబట్టి ఆ ఏప్రిల్ పాఠం నాకు పాఠం కాదు, ప్రాణం.

ఆ ఏడు పై నుంచి ఒక కొత్త పథకం దిగింది. వారానికో ఫ్రేజల్ వెర్బు. ప్రతి బడిలోనూ వారానికొకటి తీసుకుని, గోడ మీద చార్టు అంటించి, దాంట్లో మూడు గళ్ళు గీసి, ఒక గడిలో అర్థాలు, ఒక గడిలో పుట్టుక, ఒక గడిలో వ్యతిరేకం రాయాలి. (ఆ పథకం కనిపెట్టిన మహానుభావుడెవరో ఈ కొండ మీదకి ఎప్పుడూ రాలేదని నా నమ్మకం.) ఇంగ్లీషులో మామూలు క్రియకి ఒక చిన్న తోక తగిలిస్తే అది తల్లిని మర్చిపోయిన దూడలా ఇంకెటో పోతుంది, అదే ఫ్రేజల్ వెర్బు అంటే. గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి, రెండూ కలిసి గివ్ అప్ అయితే మానేయడం, వదిలేయడం. ఆఫీసరు మేడం వచ్చే వారానికి మా బడి వంతుకి సరిగ్గా ఆ గివ్ అప్పే పడింది.

అర్థాల గడి నింపడం నాకు నల్లేరు మీద బండి నడక. విజయనగరంలో కొన్న లావుపాటి గైడు నా దగ్గరుంది. అలవాటు మానుకోవడం గివ్ అప్. సీటు ఇంకొకరికి ఇవ్వడం గివ్ అప్. (ఈ అర్థం మా పిల్లలకి చెప్పడానికి చాలా కష్టపడ్డాను. సర్వీసు జీపులో ఇరవై మందికి అసలు సీటే ఉండదు, ఉంటే కదా వదులుకోవడానికి.) పోలీసులకి లొంగిపోవడం కూడా గివ్ అప్పే. ఇది బోర్డు మీద రాస్తుంటే మా హెడ్మాస్టరు కిటికీలోంచి చూసి గాభరాగా లోపలికొచ్చి, ఈ ఏజెన్సీలో లొంగుబాట్ల ఊసు మనకెందుకు మాస్టారూ, సిగరెట్టు మానేయడం దగ్గర ఆగిపోండి అని చెవిలో చెప్పి, డస్టరుతో ఆయనే తుడిచేశారు. ఇంకొక అర్థం గివ్ అప్ ఆన్, అంటే ఒక మనిషి మీద ఆశ వదిలేసుకోవడం. అది గైడులో చివరి వరసలో చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని నేనూ అంతే చిన్నగా చార్టు మూల రాసి వదిలేశాను. వ్యతిరేకం గడిలో కీప్ ఆన్, క్యారీ ఆన్, హోల్డ్ ఆన్ అని ఎర్ర స్కెచ్చుతో రాశాను. మధ్య గడి, పుట్టుక, ఖాళీ. నా గైడులో ఏ మాటకీ పుట్టుక లేదు, అన్నీ ఆకాశంలోంచి ఊడిపడ్డట్టే ఉన్నాయి.

ఖాళీగా ఉంటే ఉందిలే, మిగతా గళ్ళు రంగులతో నింపేస్తే మేడం కళ్ళు అటు పోవు అనుకున్నాను. కాని ఎనిమిదో తరగతిలో ఒక గుంట (మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు) ఉండేది. హెడ్మాస్టరు దానికి 'ప్రశ్నల గుంట' అని పేరు పెట్టారు. ఏ పాఠం చెప్పినా వెనక బెంచీలోంచి నెమ్మదిగా లేచి, చెవి గోక్కుంటూ ఒక ప్రశ్న వేసి, మాస్టారి మొహం వంక చూస్తూ నించునేది. ఆ రోజూ లేచింది. "ఇత్తే పక్కకిత్తారు, నేదా కిందకిత్తారు కద సార్. మాయమ్మ కొండ మీద చేలోంచి నాకు కిందకే ఇత్తాది. ఇంగిలీసోలు వదిలీసినప్పుడు పైకెందుకిత్తారు?" అంది. తరగతి తరగతంతా నా వంక తిరిగింది. నేను గంభీరంగా, అది వాళ్ళ సంప్రదాయం అన్నాను. అది కూర్చోలేదు. ఆ సంప్రదాయం ఎలాగొచ్చింది సార్ అంది. అప్పుడు ఆ దేవుడే గంట కొట్టించాడు.

నవ్వకండి, ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. మధ్యాహ్నం అన్నం తింటున్నా అదే, బావి దగ్గర బట్టలుతుకుతున్నా అదే. నిజమే కదా, వదిలేసినదేదైనా కిందకి పడాలి, పైకెందుకు పోతుంది? ఆలోచించగా ఆలోచించగా మనమూ చేతులెత్తేయడం అంటాం కదా అని తట్టింది. మనవాడూ పైకే ఎత్తుతున్నాడు, వాడూ పైకే ఇస్తున్నాడు, ఇదేదో చూడవలసిన సంగతే అనిపించింది. ఆఫీసరు మేడం సంగతి అలా ఉంచి, ఆ గుంట ముందు ఓడిపోకూడదన్న పంతం ఎక్కువైంది. ఫోన్లో చూద్దామంటే బడి దగ్గర సిగ్నలు లేదు. ఊరి వెనక కొండ పైన ఒక నల్ల బండ ఉంది, దాని మీద నిలబడి ఫోన్ని నెత్తి మీద పెట్టుకుంటే రెండు గీతలు వస్తాయని ప్రతీతి. ఊళ్ళో కుర్రకారు దాన్ని టవరు బండ అనేవారు. ఎక్కడానికి రెండు గంటలు, దారి తెలీకపోతే రోజంతా. నాకు దారి తెలీదు.

సరిగ్గా అప్పుడే ఇటుకల పండగ వచ్చింది. చైత్రంలో విత్తనాలు చల్లబోయే ముందు కొండ మీద ఊళ్ళన్నీ చేసుకునే పండగ అది. మగాళ్ళు పొద్దున్నే కొండకు పోయి ఏదో ఒకటి తేవాలి. పూర్వం వేటకు పోయేవారట. ఇప్పుడు అడవిలో ఆ జంతువులూ లేవు, చట్టమూ ఒప్పుకోదు, కాని పోవడం మాత్రం మానలేదు. తేనెపట్టో, నాలుగు ఏటి చేపలో, ఏమీ లేకపోతే పిడికెడు దుంపలో, చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ పడేసి, వచ్చే పోయే బళ్ళని ఆపి, పండగ మామూలు పుచ్చుకుని, పాటలు పాడుకుంటూ మగాళ్ళ కోసం ఎదురుచూస్తారు. ఒట్టి చేతులతో ఎవడైనా దిగాడా, వాడి పని అయిపోయినట్టే, కుండల్లో పేడ నీళ్ళు కలిపి నెత్తిన పోస్తారు. ఇదంతా నాకు చెప్పినావిడ మా బడి వంటావిడ. చేతిలో గంటె లేకుండా ఆవిడని ఎవరూ చూడలేదు కనక పిల్లలు గంటె అమ్మ అనేవారు, నేనూ అదే అనేవాణ్ణి. ఆవిడ పెనిమిటి ఊరి మొదట్లో అరుగు మీద జీలుగు చెట్టు కల్లున్న సొరకాయ బుర్ర పక్కన పెట్టుకుని కూర్చునుండేవాడు. ఆయన్ని జీలుగు మావ అనేవారు. ఒకప్పుడు ఆయన తెచ్చినంత తేనె ఎవరూ తేలేదట. ఏళ్ళ కిందట చెట్టు మీంచి పడ్డాడు, కాలు నయమైంది కాని మనిషి అరుగు దిగలేదు. మరి కొండకి పోని వాళ్ళకి కూడా పోస్తారా, మావకి పోస్తారా అని నేను నవ్వుతూ అడిగాను. గంటె అమ్మ పప్పు కలుపుతూ, "ఆడికెందుకు బాబూ" అని ఊరుకుంది. అదృష్టవంతుడు, పొడిగా కూర్చుంటాడు అనుకున్నాను.

పండగకి బడి సెలవు. ఆఫీసరు మేడం మర్నాడు వస్తారని కబురు. మగాళ్ళంతా టవరు బండ మీదుగానే పోతారని తెలిసి, నేనూ వస్తానన్నాను. పండగ కదా అని ఉన్న ఒక్క మంచి చొక్కా, తెల్లది, పాఠం కోసం దాచుకున్నది, అదే వేసుకున్నాను. సాయంత్రం ఉతికి ఆరేస్తే పొద్దుటికి ఆరిపోతుందని లెక్క. (ఆ వయసులో నా లెక్కలన్నీ ఇలాగే ఉండేవి.) కొండెక్కుతుంటే వాళ్ళు మాటలు చెప్పుకుంటూ నడిచారు, నేను నాలుగు కాళ్ళ మీద నడిచాను. కాఫీ తోటలు దాటి, మిరియాల పాదులు దాటి, ఊపిరి ఇంక లేదనుకున్నప్పుడు ఆ నల్ల బండ కనిపించింది. ఎక్కి ఫోన్ నెత్తి మీద పెట్టాను. రెండు గీతలు వచ్చాయి. మిగతావాళ్ళు ముందుకి పోదాం రా సారూ అంటే, మీరు నడవండి, వెనకే వస్తాను అన్నాను.

ఫోన్లో ఒక్కో అక్షరం తెరుచుకోవడానికి ఒక్కో చుట్ట కాల్చేంత సేపు పట్టింది. ఆ ఎండలో ఆ బండ మీద నించుని నేను చదివింది ఇప్పటికీ నాకు అక్షరం అక్షరం గుర్తుంది. వెనకటి రోజుల్లో ఇంగ్లీషువాళ్ళలో కోట ఓడిపోయినవాడు తాళాలు తెచ్చి గెలిచినవాడి చేతిలో పెట్టేవాడట. ఆ అప్పగించడమే గివ్ అప్. గెలిచినవాడు పైవాడు, కాబట్టి పైకి ఇవ్వడం అని కొందరు. కాదు, అప్ అంటే ఏమీ మిగల్చకుండా పూర్తిగా అని ఇంకొందరు. ఈట్ అప్ అంటే గిన్నె ఊడ్చి తినేయడం, గివ్ అప్ అంటే ఊడ్చి ఇచ్చేయడం. ఆ మాట తర్వాత్తర్వాత కోటల నుంచి దిగి సిగరెట్ల దాకా వచ్చింది. (ఇందులో నిజమెంతో పండితులకే తెలియాలి, నాకు ఫోన్ చెప్పింది నేను చెబుతున్నాను.) నాకు ఒళ్ళు ఝల్లుమంది. ప్రశ్నల గుంటకి జవాబు దొరికింది, చార్టు మధ్య గడి నిండింది, మావయ్య బస్తా ఇంక నా మొహం చూడదు. ఆ సంబరంలో కొండ పైకి పోవాలన్న సంగతే మర్చిపోయాను. ఇంకెందుకు పోవడం, నాక్కావలసింది దొరికింది కదా అని గిర్రున వెనక్కి తిరిగి, పాట పాడుకుంటూ ఊరి వైపు దిగడం మొదలుపెట్టాను.

రోడ్డు కనిపించే మలుపు దగ్గర దుంగ కనిపించింది, దుంగ అవతల పదిహేను మంది ఆడవాళ్ళు కనిపించారు. వాళ్ళ మధ్యలో గంటె అమ్మ, ఆ రోజు గంటె బదులు చేతిలో కుండ. దుంగకి రెండో వైపు ఏదో జీపు ఆగి ఉంది. పండగ కదా, ఆగుతాయి. అందరికంటే ముందు దిగింది నేనే అన్న గర్వంతో చెయ్యి ఊపాను. గంటె అమ్మ నా చేతుల వంక చూసింది, ఆ తర్వాత భుజాల వంక చూసింది, ఆ తర్వాత నా వెనక్కి చూసింది.

"ఏటి తెచ్చినావు బాబూ?" అంది.

ఒక మాటకి పుట్టుక తెచ్చానన్నాను. కోటల సంగతీ తాళాల సంగతీ చెప్పబోయాను. ఆవిడ అంతా శ్రద్ధగా విని, పక్కావిడ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అంది. పదిహేను మందీ నోళ్ళకి చేతులడ్డు పెట్టుకున్నారు. "అలాగా. మరి ఏదీ, సూపించు. ఎంతుందో సూత్తాము" అంది. నేను నా ఖాళీ చేతుల వంక చూసుకున్నాను. పరిగెడదామన్న ఆలోచన నాకు వచ్చేసరికి మొదటి కుండ నెత్తి మీద ఉంది. రెండోది వీపు మీద, మూడోది ఎటు నుంచి వచ్చిందో తెలీలేదు. పేడ నీళ్ళు చల్లగా ఉంటాయని ఆ రోజు తెలిసింది. కళ్ళు తుడుచుకుని చూస్తే అరుగు మీద జీలుగు మావ సొరకాయ బుర్ర పక్కన, ఇస్త్రీ చేసినట్టు పొడిగా కూర్చునున్నాడు. ఆ క్షణంలో ఆ మనిషిని చూసి నేను పడ్డ అసూయ ఇంకెవర్ని చూసీ పడలేదు. ఇటు తిరిగితే జీపు దిగి ఒక మేడం నించునుంది. ఆమె వెనక మా హెడ్మాస్టరు, ముఖంలో నెత్తురు చుక్క లేకుండా నించునున్నారు.

కింద ఇంకొక బడిలో ఆఫీసరు పని బేగి తెమిలిపోయిందట, అందుకని రేపటి తనిఖీ ఇవాళే అయింది. ఆఫీసరు మేడం నన్ను పైనుంచి కిందదాకా చూసి, ఈయనేనా మీ ఇంగ్లీషు మాస్టారు అని హెడ్మాస్టరుని అడిగింది. ఆయన అవునన్నట్టూ కాదన్నట్టూ ఒకేసారి తలాడించారు. చీకటి పడేలోగా ఘాటు రోడ్డు దిగాలి, పాఠం ఇప్పుడే చెబితే చూస్తాను, లేకపోతే చూడలేదని రాసుకుని పోతాను అంది. చూడలేదని రాయడమంటే నా సంగతి తేలిపోయినట్టే. స్నానం చేసొస్తానంటే బావి దగ్గర ఆ పూట నీళ్ళన్నీ పేడలోకే పోయాయి. నేను ఉన్నపళంగా క్లాసుకి నడిచాను, పిల్లలు వెనకాల బారులు తీరి వచ్చారు. సెలవు రోజున పిల్లలు అంత ఉత్సాహంగా క్లాసుకి రావడం మళ్ళీ నేను చూడలేదు. మేడం మొదట ముందు బెంచీలో కూర్చుని, కాసేపటికి వెనక బెంచీకి, ఇంకాసేపటికి కిటికీ పక్కకి జరిగింది.

నేను చెప్పాను. మొహం మీద ఎండిన పేడ మాట్లాడినప్పుడల్లా పెళుసుగా విరుగుతోంది, అయినా చెప్పాను. కోట చెప్పాను, తాళాలు చెప్పాను, పూర్తిగా ఊడ్చి ఇచ్చేయడం చెప్పాను. ప్రశ్నల గుంట చెవి గోక్కోవడం మానేసి నోరు తెరుచుకుని వింది. అది చాలు, నా పంతం తీరింది. గివ్ అప్ అంటే ఏమిట్రా అని మేడం అడిగితే పిల్లలంతా ఒక్క గొంతుతో, "కొండ సగం ఎక్కి దిగిపోడం మేడం" అని నన్ను చూపించారు. మేడం మొహం పక్కకి తిప్పుకుంది. అప్పుడు నా నోట్లోంచి రావలసిన ప్రశ్న ఆమే అడిగింది, మరి దీనికి వ్యతిరేకం ఏమిటి అని. చార్టు మీద ఎర్ర అక్షరాలతో ఉంది, చూసి చదివితే చాలు. ఒక్కరూ చదవలేదు. వెనక బెంచీలోంచి ప్రశ్నల గుంట లేచింది.

"పేడ నీళ్ళు పొయ్యడం మేడం."

పిల్లలు గొల్లుమన్నారు. అయిపోయింది, ఇంక యూరియా బస్తాయే అనుకున్నాను. మేడం నవ్వలేదు. ఎందుకూ అంది. ప్రశ్నలడగడమే తప్ప జవాబు చెప్పడం అలవాటు లేని పిల్ల, మళ్ళీ చెవి గోక్కుంది.

"మళ్ళీ యెల్లి తెత్తాడని పోత్తారు మేడం. ఇంక తేడనుకున్నోడి మీద ఎవులూ పొయ్యరు. మా జీలుగు మావ మీద పొయ్యడం మానీసి ఎన్నేళ్ళో అయిపోనాది" అంది.

కిటికీ బయట గంటె అమ్మ నించునుంది, నాకోసమని చెంబుతో నీళ్ళు తెచ్చినట్టుంది, ఆ చెంబు అలాగే పట్టుకుని ఉంది. చార్టు మూల నేను చిన్న అక్షరాలతో రాసి వదిలేసిన గివ్ అప్ ఆన్ నా కళ్ళ ముందు గోడంత అయింది. పొడిగా కూర్చున్న ఆ మనిషిని చూసి నేను అసూయపడ్డాను. నాకు చాలా సిగ్గేసింది. ఏడు నెలలుగా ఆ ఊళ్ళో అన్నం తింటున్నాను, గైడు చూసి ఆశ వదిలేయడం అని పిల్లలకి అర్థం చెప్పాను, ఆ అర్థం రోజూ బడికి వచ్చే దారిలో అరుగు మీద కూర్చుని ఉంటే పలకరించి ముందుకి పోయాను. మేడం ఏదో రాసుకుని లేచింది. పోతూ పోతూ కిటికీ దగ్గర గంటె అమ్మ భుజం మీద చెయ్యి వేసి ఏదో అడిగింది, గంటె అమ్మ తలాడించింది. ఏమడిగిందో నాకు తెలీదు.

మేడం రాసింది మాత్రం హెడ్మాస్టరు తర్వాత చూపించారు. ఉపాధ్యాయుని వద్ద దుర్వాసన గలదు, పాఠము బాగున్నది, కొనసాగించవచ్చును అని ఉంది. ఆ వాక్యాన్ని ఫోటో తీసి మావయ్యకి పంపాను (బండ దాకా ఎక్కి). నేను బండ దిగేలోపే ఆయన ఫోను చేసి, మొదటి ముక్క నిజమే అయుంటుంది, మిగతా రెండూ ఎవులికి డబ్బులిచ్చి రాయించావురా అన్నాడు.

మరుసటి ఏడు చైత్రంలో నేను మగాళ్ళతో పాటు కొండ చివరి దాకా పోయాను. బుద్ధిగా నాలుగు చేపలు పట్టుకున్నాను, అంటే పట్టినవాళ్ళ దగ్గర అడిగి పుచ్చుకున్నాను. దిగేటప్పుడు టవరు బండ దగ్గర ఎవరో కూర్చునుంటే దగ్గరికెళ్ళి చూశాను. జీలుగు మావ. కర్ర పట్టుకుని ఆయనంతట ఆయనే అక్కడి దాకా ఎక్కాడు, అంతకంటే కాలు సాగలేదు. మాతో కలిసి దిగాడు. దుంగ దగ్గర ఆడవాళ్ళు నా చేపలు చూసి పెదవి విరిచి వదిలేశారు. మావ చేతులు ఖాళీ. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు, ఎవరూ కుండ ఎత్తలేదు. ఆయన నించునే ఉన్నాడు, తప్పుకోలేదు. అప్పుడు గంటె అమ్మ వెనక నుంచి వచ్చింది. కుండ రెండు చేతులతో ఎత్తి, ఒక్క చుక్క మిగల్చకుండా, మొత్తం ఆయన నెత్తిన పోసింది. ఊడ్చి పోసింది. మావ నెత్తి తడుముకుని, "సల్లగుందే" అన్నాడు. ఊరంతా నవ్వుతుంటే నేను మాత్రం చేపలు పట్టుకుని ఏడ్చాను. మళ్ళీ ఏడు ఆయన ఏం తెచ్చాడో నేను చూడలేదు. నాకు డీయస్సీలో ఉద్యోగం వచ్చి కిందకి దిగిపోయాను.

మొన్న చైత్రంలో సెలవు పెట్టి, మా ఆవిడతో ఏదో చెప్పి, ఆ ఊరికి వెళ్ళాను. ఇప్పుడు కారు బడి గుమ్మం దాకా పోతోంది, సిగ్నలు కోసం ఎవరూ బండెక్కక్కర్లేదు. ప్రశ్నల గుంట పాడేరులో నర్సు అయిందట, డాక్టర్లని ప్రశ్నలడిగి చంపుతోందట. అరుగు మీద జీలుగు మావ లేడు. ఏమయ్యాడని అడిగితే, పొద్దున్నే కర్రేసుకుని కొండకి పోయాడని చెప్పారు. దుంగ దగ్గర ఉన్నవాళ్ళంతా కొత్త కోడళ్ళు, నేనెవరో తెలీదు. నేను కావాలనే కారు దిగి, రెండు చేతులూ బాగా కనపడేట్టు ఊపుకుంటూ నడిచాను. ఒకమ్మాయి పరుగెత్తుకెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది, ఇంకొకమ్మాయి టీ తెచ్చింది. నేను ఆ కుర్చీలో, పొడిగా, టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. కొండ గాలి చల్లగా ఉంది, ఎంత బాధేసిందో చెప్పలేను.

ఇంతలో వెనక నుంచి నెత్తి మీద నీళ్ళు పడ్డాయి. టీ గ్లాసు నిండిపోయింది. తిరిగి చూస్తే గంటె అమ్మ. నడుం వంగింది, కుండ మోయలేక చెంబు తెచ్చింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. మొహం తుడుచుకుంటూ వాసన చూశాను. ఉత్త మంచినీళ్ళు.

"పేడ కలపలేదేం అమ్మా?" అన్నాను.

"పెద్దోడివైపోనావు కద బాబూ. జలుబు సేత్తాది" అంది.

ఆవిడ ప్రేమగానే అంది. నేను నవ్వాను కూడా. కాని ఘాటు దిగుతుంటే మలుపు మలుపుకీ అదే ఆలోచన. మళ్ళీ చైత్రానికి పొట్ట కొంచెం తగ్గించుకుని, పొద్దున్నే వెళ్ళి, ఆ టవరు బండ దాకా అయినా ఎక్కి దిగాలి.